అడుగు వేస్తే మోగే నేల

7 జనవరి 1974, సోమవారం

కంపెనీ ఈ ఏడు కూడా డైరీ ఇచ్చింది. టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసిన పదకొండేళ్లూ రోజూ లాగ్‌బుక్ రాసేవాణ్ణి కాబట్టి డైరీ అవసరం పడలేదు. స్క్రాప్ స్టోర్‌లో లాగ్‌బుక్ లేదు. ఇక ఇందులో రాస్తాను.

స్టోర్‌కు వచ్చి మూడు నెలలు. కారణం తెలిసిందే. సెప్టెంబరు 19న కరెంటు స్విచ్‌ల ప్యానెల్ పరీక్ష చేస్తుండగా షాక్ కొట్టింది. ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలగడం లేదు. కరెంటు లేదనుకున్నాను. కరెంటు ఉంది, దీపంలో బల్బు మాడిపోయింది. టెస్ట్ ల్యాంపు పెట్టి చూసుకోవలసింది. చూసుకోలేదు. తప్పు నాదే. కుడి అరచేతిలో రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. డాక్టరు నవంబరులోనే ఫిట్ అని రాశాడు.

ఈరోజు టెస్టింగ్ ఇన్‌చార్జి నరసరాజు గారు స్టోర్ దాకా నడిచి వచ్చారు. ఆయనది భీమవరం దగ్గర. కోపం వచ్చినా గొంతు పెంచరు.

“మార్చి ఒకటో తారీకు దాకా నీ టేబుల్ ఖాళీగా ఉంచుతానయ్యా జ్ఞానప్రకాశం. ఆ రోజు నా ఎదురుగా ఒక ప్యానెల్‌కి కరెంటిచ్చి పరీక్ష చేసి చూపించు. నీ వల్ల కాదనుకుంటే చెప్పెయ్, తప్పేం లేదు. కానీ ఆ టేబుల్ ఇంకొకరికి ఇచ్చేస్తాను. నువ్వు ఇక్కడే ఉండిపోతావు.”

“చేస్త సార్” అన్నాను.

నవంబరులో ఒకసారి కూర్చున్నప్పుడు నా చెయ్యి వణికిందని సెక్షన్‌లో అనుకుంటున్నారు. వణకలేదు. స్క్రూడ్రైవర్ పిడి వదులైంది.

9 జనవరి, బుధవారం

ఉదయం 9.40. స్టోర్ ఊడ్చే సోమమ్మ, పాత ప్రెస్ మిషన్ తాలూకు, కాలితో నొక్కే స్విచ్ మీద చూసుకోకుండా అడుగు పెట్టింది. పనిచేస్తుందో లేదో చూద్దామని దాన్ని రెండు లారీ బ్యాటరీలకూ ఒక గంటకూ కలిపి పెట్టి ఉన్నాను. గంట మోగింది. ఆమె ఎగిరి పడ్డది.

“ఓయమ్మ! ఏంది సారూ గిది?”

“నువ్వే కొట్టినవ్. కాలు తియ్యి.”

తీసింది. గంట ఆగింది. మళ్లీ పెట్టింది. మోగింది. చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు చుట్టుకుంది. ఒకటి కొట్టి ఆగి, రెండు కొట్టి ఆగి, ఒంగి లేచి, చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ కొట్టింది. పదకొండుసార్లు. చివరి నాలుగుసార్లు చప్పట్లు కూడా చరిచింది. ఆమె వయసు యాభై పైనే.

“ఇంకోటి ఉన్నదా?” అని అడిగింది.

మొత్తం ఆరున్నాయి.

10 జనవరి

ఆరూ పనిచేస్తున్నాయి.

16 జనవరి, బుధవారం

మధ్యాహ్నం ఖయ్యూం వచ్చాడు. వడ్రంగి షాపులో పని. మేమిద్దరం ఒకే రోజున ఈ కంపెనీలో చేరాం. నేల మీద పరిచిన తీగల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ప్రకాశం భాయ్, ఏంది ఇది? సర్కస్ పెడ్తున్నవా?”

“వచ్చే నెల ఇరవై నాలుగుకు ఫ్యామిలీ డే గదా. ప్రతి సెక్షన్ ఒక స్టాల్ పెట్టాలె. స్క్రాప్ స్టోర్ నుంచి ఇది.”

“దీని మీద ఏం జేస్తరు జనం?”

“అడుగేస్తరు. ఏ అడుగుకు ఆ మోత, ఆ దీపం. వాళ్లు ఎట్ల కదిలితే ఇది అట్ల మోగుతది. ఎవరి ఆట వాళ్లది.”

“మరి ఆట నేర్పేటోడు?”

“ఎవడూ వద్దు.”

ఖయ్యూం గడ్డం గోక్కున్నాడు. స్విచ్‌లు లెక్కపెట్టాడు.

“ఆరు సాలవు. ఆరు మీద తిరిగితే గానుగెద్దు లెక్కుంటది. పన్నెండు జెయ్యి. చెక్క సంగతి నాకు ఇడిసిపెట్టు.”

ఇది ఫ్యామిలీ డే కోసమే చేస్తున్నాను. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. వేరే కారణం లేదు.

22 జనవరి, మంగళవారం

చెక్క: కొత్త మిషన్లు వచ్చిన పెట్టెలది. పన్నెండు పలకలు, ఒక్కోటి రెండడుగుల చదరం. అడుగున సైకిల్ సీటు స్ప్రింగులు. స్ప్రింగుల మధ్య రెండు ఇత్తడి రేకులు, కాలు పడితే కలుస్తాయి. మోతకు ఇనుప పైపులు. పొట్టిగా కోస్తే సన్నటి మోత, పొడుగ్గా ఉంచితే లావు మోత. కాయిల్‌కు కరెంటు అందితే లోపలి కడ్డీ లేచి పైపును కొడుతుంది.

పలక మీద కదలకుండా నిలబడితే ఒక్కసారే మోగుతుంది. మూడు సెకన్లకు దీపం కూడా ఆరిపోతుంది. మళ్లీ కావాలంటే కదలాలి. రెండు పలకలు ఒకేసారి తొక్కితే మూడోది దానంతట అది మోగుతుంది. ఏది మోగుతుందో నేను ఎవరికీ చెప్పలేదు.

పాత ప్యానెళ్లలోంచి ఊడదీసిన రిలేలు పెట్టెలో బిగిస్తుంటే సోమమ్మ వంగి చూసింది.

“దీన్లేముంటది సారూ?”

“చిన్న చెయ్యి. కరెంటొస్తే పట్టుకుంటది. పోతే ఇడుస్తది.”

“నడుమ?”

“నడుమ ఏం లేదు. పట్టుడు, ఇడుసుడు. దానికి రెండే తెలుసు.”

“నా మొగనికి పట్టుడొక్కటే తెలుసు, సీసా” అంది. ఊడ్చుకుంటూ పోయింది.

26 జనవరి, శనివారం

జెండా ఎగరేశారు. లడ్డూలిచ్చారు. పలకలు ఐదు, ఆరు, ఏడు బిగించాను.

పరీక్షకు సోమమ్మ చీపురు కర్ర వాడుతున్నాను. పొడుగ్గా ఉంటుంది, నిలబడ్డ చోటి నుంచే పలకలన్నిటినీ నొక్కవచ్చు. సౌకర్యం.

3 ఫిబ్రవరి, ఆదివారం

గేట్ పాస్ తీసుకుని నాలుగు పలకలు, వాటి పైపులు, రెండు బ్యాటరీలు నిన్న బస్సు టాపు మీద సంగారెడ్డికి, ఇంటికి తెచ్చాను. కండక్టరు ఇవేమిటని అడిగాడు. నేల అన్నాను. ఇంకేమీ అడగలేదు.

చర్చి నుంచి వచ్చాక వరండాలో పరిచాను. నా భార్య లీలమ్మ చీర మార్చుకోకుండానే వచ్చి నిలబడింది. మిషన్ బడిలో టీచరు, చర్చి క్వయర్‌లో పాడుతుంది.

“మన ఇండ్లల్ల పాటున్నది గని ఆట ఏడిది? పాస్టరు అయ్యగారు అడిగితే ఏమని చెప్పాలె?”

“నడక అని చెప్పు.”

చెప్పులు విడిచి ఎక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ మూడు. కళ్లు మూసుకుని విన్నది.

“మూడోది కొద్దిగ శ్రుతి దిగింది.”

ఆకురాయి తెచ్చి పైపు చివర రాశాను. మళ్లీ తొక్కింది. ఇంకొంచెం అంది. మళ్లీ రాశాను. అప్పుడు తల ఊపింది. తర్వాత గంటా ఇరవై నిమిషాలు దిగలేదు. మొదట పాట కట్టడానికి ప్రయత్నించింది. కాసేపటికి పాట వదిలేసి ఊరికే తిరిగింది. పక్కింటి రషీదున్నీసా గోడ మీదుగా చూసి, చూసి, చివరకు గేటు తీసుకుని వచ్చింది. ఇద్దరూ ఒకరి పలక మీదికి ఒకరు దూకుతూ, నవ్వులతో మాట పెగలక నిలబడిపోయారు. అన్నం రెండున్నరకు తిన్నాం.

సాయంత్రం నేను చీపురుతో మరోసారి పరీక్ష చేస్తుంటే లీలమ్మ అంది:

“పొద్దుటి సంది చీపురు మంచిగనే ఆడుతున్నది. మీరెప్పుడు ఆడుతరు?”

కాళ్లకు రబ్బరు చెప్పులు లేవు. చెప్పులు లేకుండా కరెంటు వస్తువు మీద కాలు పెట్టకూడదు. ఇరవై నాలుగు వోల్టులే, నాకూ తెలుసు. నియమం నియమమే.

4 ఫిబ్రవరి

ఆమె చెప్పులు లేకుండానే ఎక్కింది. నేను వద్దనలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

11 ఫిబ్రవరి, సోమవారం

పన్నెండూ సిద్ధం. భోజనం వేళ టెస్టింగ్ సెక్షన్ వాళ్లను పిలిచాను. ఎనిమిది మంది వచ్చారు, నరసరాజు గారితో కలిపి. అందరూ నాతో పనిచేసినవాళ్లే. ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

ప్రతి పలక పక్కన రెండు దీపాలు, పచ్చ, ఎరుపు. పచ్చవన్నీ వెలుగుతున్నాయి. యాదన్న మొదట ఎక్కాడు. పలక మోగింది, పచ్చ ఆరి ఎర్రది వెలిగింది. యాదన్న వెనక్కి దూకాడు. పచ్చగా ఉన్న ఇంకో పలక చూసుకుని దాని మీద కాలు పెట్టాడు. అదీ ఎర్రబడింది. మళ్లీ దూకాడు. ఇద్దరు ముగ్గురు ధైర్యం చేశారు. ఎరుపు చూడగానే అందరూ గోడ దగ్గరికి వచ్చేశారు. ఐదు నిమిషాలకు ఎనిమిది మందీ గోడకు వీపు ఆనించి నిలబడ్డారు. చేతులు జేబుల్లో. పన్నెండు పచ్చ దీపాలు ఎదురుగా.

“లైవ్ మీద కాలు పెట్టుమంటవా అన్నా?” అన్నాడు యాదన్న.

అప్పుడు అర్థమైంది. ప్యానెల్ మీద ఎప్పుడూ పచ్చ అంటే ఆగి ఉంది, ఎరుపు అంటే కరెంటు నడుస్తోంది. నేను చేతి అలవాటుతో ఇక్కడా అదే పెట్టాను. ఎర్రదీపం వెలిగితే చెయ్యి వెనక్కి తీసుకో అని ఈ ఎనిమిది మందికీ ఏళ్ల తరబడి నేర్పించిందీ నేనే.

“లారీ బ్యాటరీలు. ఇరవై నాలుగు వోల్టులే సార్” అన్నాను.

“నాకూ తెలుసయ్యా” అన్నారు నరసరాజు గారు. “నా కాలికే తెలియడం లేదు.”

పలకలు చూసుకోవడానికి వచ్చిన ఖయ్యూం బల్ల మీద పడి నవ్వాడు. “గింతమంది ఉస్తాద్‌లు! ఒక్కడన్న ఆడకపాయె!”

“అయితే నువ్వెక్కి సూపియ్యన్నా” అన్నాడు యాదన్న నాతో.

చీపురుతో చూపించాను.

భోజనం గంట అయిపోయింది.

12 ఫిబ్రవరి

తలనొప్పి. సెలవు.

13 ఫిబ్రవరి, బుధవారం

దీపాల సంగతి నిన్న లీలమ్మకు చెప్పాను. అటక మీద నుంచి క్రిస్మస్ నక్షత్రం దింపింది. నీలం, పసుపు, గులాబీ గ్లాస్ పేపర్ కత్తిరించి ఇచ్చింది. “వచ్చే క్రిస్మస్‌కు కొత్తది కొనిపెట్టాలె” అని ముందే మాట తీసుకుంది.

ఎరుపు, పచ్చ గాజులు తీసేసి కాగితాలు చుట్టాను. సోమమ్మ మాత్రం గొణిగింది: “ఎర్రదే మంచిగుండె. మీకెందుకు బయమో మీకే తెల్వాలె.”

సెప్టెంబరులో నన్ను కొట్టింది వెలిగిన ఎర్రదీపం కాదు. వెలగనిది. ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో తెలియదు.

20 ఫిబ్రవరి

మార్చి ఒకటికి తొమ్మిది రోజులు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు టెస్టింగ్‌లోకి వెళ్లి నా టేబుల్ దగ్గర నిలబడ్డాను. ఖాళీ ప్యానెల్, కరెంటు లేదు. కొత్త స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. దీని పిడి కూడా వదులే.

24 ఫిబ్రవరి, ఆదివారం

ఫ్యామిలీ డే. కంపెనీ మైదానంలో షామియానా. స్టాళ్లు పద్నాలుగు. మా పలకలు వాటర్ ట్యాంకు నీడలో పరిచాం. పక్కన రిలేల పెట్టె, బ్యాటరీలు, నేను.

పది గంటలకు మొదలు. అరగంట దాకా ఎవరూ ఎక్కలేదు. నిలబడి చూశారు. ఎవరు ముందని ఒకరినొకరు నెట్టుకున్నారు. పదిన్నరకు సోమమ్మ వచ్చింది. కొత్త చీర, చేతిలో మామూలు చీపురు. ఈరోజు కూడా డ్యూటీ వేశారట. మైదానం ఊడ్చుకుంటూ వచ్చినామె, ఊడ్చుకుంటూనే పలకల మీదికి ఎక్కింది. చీపురు ఒక పలక మీద, కాలు ఇంకో పలక మీద. మూడోది దానంతట అదే మోగింది.

“అగో! ఇది నాకే జవాబిస్తున్నది!”

ఇక ఆగలేదు. వంటశాల ఆడవాళ్లు ఎక్కారు. ఖయ్యూం భార్య అక్తరీ బేగం బురఖా అంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఒక మూల పలక తొక్కింది, మోగగానే పారిపోయింది, మళ్లీ వచ్చింది, ఈసారి ముగ్గురు ఆడపడుచులతో. సెక్యూరిటీ గార్డు కవాతు చేశాడు. క్యాంటీన్‌లో పనిచేసే బీహార్ మనిషి తమ ఊరి ఆట ఆడాడు. ఎవరిదో ముసలి తండ్రి కర్ర పట్టుకుని వచ్చి, మూడు కాళ్లున్నవాడికి లాభమే అన్నాడు. ఎవరి అడుగు ఎవరితోనూ కలవలేదు. కలిసినప్పుడు వాళ్లే ఆశ్చర్యపోయి అరిచారు.

యాదన్న కూడా ఎక్కాడు. మొదట కళ్లు మూసుకుని. గులాబీ వెలుగు చూశాక తెరిచే ఉంచాడు.

లీలమ్మ వైపు నేను తక్కువ చూశాను. పని ఉంది. అయినా ఆమె పదకొండు గంటల నుంచి మొత్తం ఐదుసార్లు ఎక్కింది.

నాలుగు గంటలకు ఏడో పలక ఆగిపోయింది. రిలే పట్టుకున్నది విడవడం లేదు. దీపం ఆరదు, పైపు మోగదు. పలకల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. బ్యాటరీ తీగ ఊడదీయబోయాను.

“ఆపకు సారూ!” సోమమ్మ కేక వేసింది. “ఆపితే పాణం బోతది!”

“ఒక్క నిమిషమే.”

“ఒక్క నిమిషం గూడ వద్దు!”

ఆమె వెనక నుంచి ఇంకా చాలామంది వద్దన్నారు. బ్యాటరీ తీయకపోతే కరెంటు ఉండగానే పెట్టెలో చెయ్యి పెట్టాలి. ఇరవై నాలుగు వోల్టులు. ఇరవై నాలుగైనా కరెంటే.

చెయ్యి పెట్టాను.

స్క్రూడ్రైవర్ మొనతో రిలే రేకులు విడదీశాను. చిన్న నీలం మెరుపు వచ్చింది. చెయ్యి వెనక్కి తీయలేదు. రెండోసారి మెరిసింది. రిలే విడిచింది.

ఇక ఏడో పలక పరీక్షించాలి. చీపురు సోమమ్మ చంకలో ఉంది.

“జెర ఇయ్యి.”

“ఇయ్య. నీకు కాళ్లు లేవా?”

లీలమ్మ నా ఎదుటి పలక మీద ఉంది. ఆడడం ఆపింది.

ఎక్కాను.

ఏడో పలక మోగింది. నాలుగు గంటల పది నిమిషాలు. నాలుగు ముప్పై ఐదుకు బ్యాటరీలు దిగిపోయి దీపాలు వాడిపోయాయి. మధ్యలోని ఇరవై ఐదు నిమిషాల గురించి రాయడానికి నా దగ్గర సమాచారం లేదు. చూసినవాళ్లను అడగాలి.

ఇంటికి వచ్చే బస్సులో లీలమ్మను అడిగాను.

“మస్తు ఆడిన్రు” అంది. “జెర ఒంటె లెక్క.”

25 ఫిబ్రవరి

స్క్రూడ్రైవర్ పిడి వదులు కాదు. పాతదీ కాదు, కొత్తదీ కాదు. వణికింది నా చెయ్యే.

26 ఫిబ్రవరి, మంగళవారం

పొద్దున చాయ్ తాగుతూ లీలమ్మకు ఈ మాట చెప్పాను.

“నాకు తెల్వదా?” అంది. “ఐదు నెలల సంది సాసర్ల కప్పు సప్పుడు వింటనే ఉన్న.”

“మరి అడగలేదేంది?”

“అడిగితే సాసర్ బాగలేదంటరని.”

1 మార్చి, శుక్రవారం

ఉదయం 9.15. టెస్టింగ్ సెక్షన్, నా టేబుల్. పెద్ద ప్యానెల్, 415 వోల్టులు. నరసరాజు గారు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. యాదన్న, ఇంకో ఇద్దరు పని ఉన్నట్టు అక్కడక్కడే తిరిగారు.

“సార్, చెయ్యి వణుకుతది. ముందుగాల్నే చెప్తున్న.”

“వణికితే వణకనీ. టెస్ట్ ల్యాంపు పెట్టావా?”

“మూడు ఫేజులకు పెట్టి సూసిన.”

“అయితే కానివ్వు.”

స్విచ్ వేశాను. ఎర్రదీపం వెలిగింది. మొదటి నాలుగు రీడింగులకు చెయ్యి వణికింది, మీటరు తీగ మొన రెండుసార్లు జారింది. తీసి మళ్లీ పెట్టాను. ఐదో రీడింగు నుంచి తక్కువ. పూర్తిగా ఆగలేదు. మొత్తం ఇరవై రెండు రీడింగులు, నలభై నిమిషాలు. ఇదివరకు ఇరవై ఐదు నిమిషాల్లో అయ్యేది. రెండు తప్పు రాసి, కొట్టేసి, సరిచేశాను.

నరసరాజు గారు కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి సంతకం చేశారు.

“నీ టేబుల్ నీదే. ఇంకో ప్యానెల్ ఉంది, భోజనం అయ్యాక చూడు.”

లేచారు. తలుపు దాకా పోయి మళ్లీ వచ్చారు. యాదన్న వాళ్లు దూరం పోయే వరకు ఆగారు.

“ఆ పలకలు మళ్లీ స్క్రాప్ స్టోర్‌లోనే పెట్టారా?”

“అక్కడనే ఉన్నయి సార్. బ్యాటరీలు చార్జింగు గూడ అయినయి.”

“తాళం ఉంటే ఇలా ఇవ్వు. ఫ్యామిలీ డే రోజంతా పైవాళ్ల వెంట తిరగడంతోనే సరిపోయింది నాకు.”

“నేను గూడ రావాల్నా సార్? కనెక్షన్ ఇచ్చి...”

“వద్దు. నువ్వసలు రాకు.”

తాళం ఇచ్చాను.

పన్నెండు యాభైకి స్టోర్ వైపు నుంచి మొదటి మోత వినబడింది. ఒక్కటే. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు. తర్వాత మూడు, నాలుగు, ఒకదాని మీద ఒకటి. ఆ పైన లెక్కపెట్టడం మానేశాను. రెండో ప్యానెల్ ఎదురుగా ఉంది. భోజనం గంట ఇంకా అవలేదు. మూడు ఫేజులకూ టెస్ట్ ల్యాంపు పెట్టి చూసుకుని స్విచ్ వేశాను.